బక్కచిక్కిన కుక్కకు కడుపు నిండా పెట్టకండి

ముందు శుభవార్త చెబుతాను, తర్వాత కోప్పడతాను. నేను డిగ్రీ పాసయ్యాను! అరవై మూడేళ్ళ వయసులో, దూరవిద్యలో, బీఏ. మా నాన్న మగ్గం నేశాడు, మా తాత మగ్గం నేశాడు, ఆయన నాన్న కూడా అదే గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. మా ఇంట్లో దేవుడి పటాల పక్కన డిగ్రీ కాగితం వేలాడటం ఇదే మొదలు. ఫలితాలు వచ్చిన పొద్దున నెట్ సెంటర్‌లో మూడు ప్రింట్లు తీయించాను. ఒకటి చాలు తాతగారూ అని అక్కడి అమ్మాయి చెప్పినా వినలేదు.

నేను ముప్పై అయిదేళ్ళు పశువైద్యశాలల్లో సహాయకుడిగా పనిచేశాను. డాక్టర్ని కాదు. డాక్టరు ఇంజెక్షన్ చేస్తుంటే గేదె ముట్టె పట్టుకునే మనిషిని. సూదులు ఉడకబెట్టే మనిషిని. డాక్టరు సెలవు పెట్టిన రోజు రైతుకి మొహం చూపించే మనిషిని. ట్రాన్స్‌ఫర్లు, ఇంక్రిమెంట్లు, రిపోర్టుల సంగతి ఇక్కడ రాయను. అవి మీకూ వస్తాయి, మీ ఏడుపు మీరు ఏడుద్దురుగాని. గ్రామ సచివాలయాల్లో పశువుల పనికి కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, ఉద్యోగం అసలు ఎలా ఉంటుంది అంకుల్ అని. ఒక్క కుక్క సంగతి చెబితే చాలావరకు తెలుస్తుంది. ఆ కుక్క ఈ మధ్యనే, నేను రిటైరయ్యాక ఎదురైంది. కానీ ముప్పై అయిదేళ్ళలో నేర్చుకున్నదంతా దానికే ఖర్చయింది.

గోడౌన్‌లో దొరికింది

డిగ్రీ కాగితం చేతిలో పడగానే రెండు కేజీల మడత కాజాలు కొని నేరుగా వన్ టౌన్ వెళ్ళాను. అక్కడ నాగరత్నం అని హోల్‌సేల్ చేనేత చీరల దుకాణం నడుపుతుంది. మా నాన్న నేసిన చీరలు వాళ్ళ మామగారు కొనేవారు. ఆ పరిచయంతోనే నన్ను బాబాయ్ గారూ అంటుంది. ఈ వార్త మొదట ఆమెకే చెప్పాలని దారంతా మనసులో వాక్యాలు కూర్చుకుంటూ వెళ్ళాను.

దుకాణం తెరిచే ఉంది కానీ లోపల పిట్ట లేదు. అందరూ పక్క సందులో గోడౌన్ తలుపు దగ్గర గుమిగూడి ఉన్నారు. ఆ గోడౌన్ వీరభద్రరావు గారిది. మిర్చి వ్యాపారం ఆయనది. గన్నవరం రోడ్డులో కొత్త గోడౌన్ కట్టుకుని, నెల కిందట సరుకంతా అక్కడికి మార్చేశాడు. పాతదానికి తాళం వేసి వెళ్ళిపోయాడు. లోపల కాపలాకి కట్టేసిన కుక్క సంగతి వాచ్‌మన్ చూసుకుంటాడని ఆయన అనుకున్నాడు. తనని పనిలోంచి తీసేశారు కాబట్టి అయ్యగారే చూసుకుంటారని వాచ్‌మన్ అనుకున్నాడు. ఆ పొద్దున నాగరత్నం దగ్గర గుమాస్తా చేసే కోటయ్యకి తలుపు అవతల గోళ్ళ చప్పుడు వినిపించింది. వీరభద్రరావు గారి కొట్టు నుంచి తాళంచెవి తెప్పించి తీశారు.

దాన్ని కుక్క అనడానికి మనసొప్పలేదు. పక్కటెముకలు ఎంత దూరం నుంచైనా లెక్కపెట్టొచ్చు. తుంటి ఎముకలు రెండూ చర్మాన్ని చీల్చుకుని వచ్చేట్టున్నాయి. కణతలు లోపలికి పోయాయి. మెడకి నైలాన్ తాడు, తాడు కింద పుండు. మూలన తాడుకి అందేంత దూరంలో కారే కుళాయి ఒకటి ఉండబట్టి ప్రాణం నిలిచింది. నుదుటి మీద తెల్లటి మచ్చ ఒక్కటే ఇంకా శుభ్రంగా ఉంది. ఆ మచ్చ చూసే తర్వాత నాగరత్నం దానికి చుక్క అని పేరు పెట్టింది.

నేను వెళ్ళేసరికి నాగరత్నం బేసిన్ నిండా పెరుగన్నం కలిపి తెచ్చి కుక్క మూతి దగ్గర పెట్టబోతోంది. నేను కాజాల డబ్బా కింద పడేసి ఆ బేసిన్ లాగేశాను.

"ఇదేంటి బాబాయ్ గారూ! నెల రోజులుగా తిండి లేని ప్రాణి. దాని నోటికాడ కూడు లాగేస్తారా?"

"లాగేస్తాను. ఇది తిన్నదంటే మూడో రోజుకి చస్తుంది."

కోటయ్య పక్కవాళ్ళని చూసి నవ్వాడు. "ఆకలితో చావనిది అన్నం తిని చస్తదంటండీ. ఎక్కడైనా విన్నామా?"

"వినకపోతే ఇప్పుడు విను."

సందులో నిలబడ్డ వాళ్ళందరూ నా వంక కసాయివాడిని చూసినట్టు చూశారు. నేను డిగ్రీ పాసైన సంగతి ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. చెప్పే మొహం ఎక్కడిది?

వాళ్ళ తప్పు లేదు. మన డెల్టాలో ప్రేమంటే అన్నం. ఇంటికొచ్చిన వాడికి వద్దన్నా రెండోసారి వడ్డిస్తాం. చేయి అడ్డం పెడితే ఆ చేతి మీదే వేస్తాం. అందుకే ఇక్కడ ఆకలితో మాడిపోయిన కుక్కలు దొరికిన తర్వాత చచ్చిపోతుంటాయి. వినడానికి వింతగా ఉంటుంది గానీ అది నిజం. నెల రోజులు తిండి లేకపోతే ఒళ్ళు తన కండనే కరిగించుకుని తింటుంది. రక్తంలో ఉండాల్సిన లవణాలు అడుగంటుతాయి. అలాంటి ఒంట్లోకి ఒక్కసారిగా అన్నమో, తీపో వెళితే, ఉన్న కాస్త లవణాలూ రక్తం వదిలి కండల్లోకి పరుగెత్తుతాయి. అప్పుడు గుండె కొట్టుకోవడానికి రక్తంలో ఏమీ మిగలదు. ఎండిపోయిన కాలవకి నీళ్ళు వదిలేటప్పుడు లాకులన్నీ ఒక్కసారే ఎత్తేస్తారా? గట్లు తెగవూ? ఇదీ అంతే.

నేను నోరు మూసుకున్న రోజు

ఇది నాకు పుస్తకంలో చదివి తెలియలేదు. ఒక పెద్దాయన చెబితే విన్నాను, ఒక కుక్క చచ్చిపోతే బుర్రకెక్కింది.

ఉద్యోగంలో చేరిన కొత్త. సముద్రం వైపు ఒక ఊరి పశువైద్యశాలలో వేశారు. ఆ ఊళ్ళో ఒక రైతు కుక్క పాడుబడ్డ బావిలో పడిపోయి చాలా రోజులకి దొరికింది. రైతు, ఆయన భార్య దాన్ని దుప్పట్లో చుట్టుకుని తెచ్చారు. మా డాక్టరు గారు దాన్ని చూసి, "ఏమీ లేదయ్యా, నీరసం. దండిగా పెట్టండి, పాలన్నం పెట్టండి, వారంలో లేచి తిరుగుతుంది" అన్నారు.

నేను ట్రే పట్టుకుని పక్కనే ఉన్నాను. నాకు తెలుసు. నాకు ముందు ఆ సీట్లో పనిచేసి రిటైరైన పెద్దాయన చార్జి అప్పగిస్తూ నాకు చెప్పిన నాలుగు మాటల్లో అదొకటి. "ఎండబారిన జీవానికి కొసరి కొసరి పెట్టరా. జాలిపడి ఒక్కసారే పెట్టావా, నీ చేతుల్లోనే పోద్ది" అన్నాడాయన. కరువు రోజుల్లో గొడ్లని చూసి నేర్చుకున్న మాట అది. కానీ డాక్టరు గారు పెద్ద చదువు చదివినవాడు. నేను పది పాసైనవాణ్ణి. అంతకు నెల ముందే ఏదో విషయంలో నోరు తెరిస్తే, "నువ్వేమన్నా డాక్టరువా?" అని జనం ముందు అడిగారు. అందుకని నోరు మూసుకున్నాను.

రెండో రోజు కుక్క లేచి తోక ఆడించిందని ఆ రైతు మాకు గిన్నెతో పాయసం పంపించాడు. మూడో రోజు పొద్దున అది పోయింది. రైతు భార్య వచ్చి మా గుమ్మంలో నిలబడి చెప్పింది: "ఏదైతేనేమయ్యా, మా చేతుల్తో కడుపు నిండా తిని పోయింది. అదొక్కటే తృప్తి."

ఆయుష్షు అంతే అన్నారు డాక్టరు గారు. ఆయన చెడ్డవాడు కాదు. దూడ అడ్డం తిరిగితే చెయ్యి పెట్టి సరిచేయడంలో ఆయన్ని మించినవాడిని నేను మళ్ళీ చూడలేదు. ఈ ఒక్క విషయం ఆయనకి తెలియదు, అంతే. నాకు తెలుసు. తెలిసి చెప్పనివాడిదా తప్పు, తెలియక చెప్పినవాడిదా? ఆ రోజు ఆ తల్లి తృప్తి పడుతుంటే నేను అప్పుడు కూడా నోరు విప్పలేదు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కొత్తగా చేరే పిల్లలూ, పై అధికారి ముందు మాట్లాడటం తప్పని మీకు ఎవరో ఒకరు నేర్పుతారు. నేర్చుకోకండి. మర్యాదగా చెప్పండి, చేతులు కట్టుకుని చెప్పండి. కానీ చెప్పండి.

ఒక గుడ్డు, ఆరు గిన్నెలు

చుక్కని తాడు కోసి నాగరత్నం దుకాణం వెనక వరండాలోకి మోసుకెళ్ళాం. చీరల బేళ్ళు తూచే కాటా మీద పడుకోబెడితే తొమ్మిది కిలోల రెండు వందలు చూపించింది. దాని ఒడ్డూ పొడుగుకి ఇరవై ఉండాలి. నేను డాక్టర్ లావణ్యకి ఫోన్ చేశాను. ఆమె గన్నవరం పశువైద్య కళాశాలలో చదువుకుని, సిటీలో సొంతంగా క్లినిక్ పెట్టుకుంది. చిన్న పిల్ల. నా కూతురి వయసుంటుంది. వచ్చి, రక్తం తీసి పరీక్షకి పంపించి, బి-వన్ విటమిన్ ఇంజెక్షన్ చేసి, నా వైపు తిరిగింది.

"మీరు చూసినవాటిల్లో ఇలాంటివి ఎన్ని బతికాయి అంకుల్?"

నా ముప్పై అయిదేళ్ళ ఉద్యోగంలో ఏ డాక్టరూ నన్ను అడగని ప్రశ్న అది. ఉన్నదున్నట్టు చెప్పాను. తొందరపడని ఇళ్ళలో బతికాయి. మొదటి రోజుకి ఎంత పెట్టాలో ఆమె లెక్కవేసింది. ఒక ఉడికించిన గుడ్డు, రెండు చెంచాల ఉడికిన కోడిమాంసం. అంతే. అదీ ఆరు భాగాలు చేసి, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఆరుసార్లు. రెండో రోజు దానికి రెట్టింపు. ఒళ్ళు తట్టుకుంటే రోజురోజుకీ కొంచెం కొంచెం పెంచడం. మొదట్లో అన్నం వద్దు, పాలు వద్దు, తీపి అసలు వద్దు. కడుపులో ఏలికపాములకి వేసే మందు కూడా అప్పుడే వద్దు, ఒళ్ళు కాస్త కుదుటపడ్డాకనే.

నాగరత్నం ఆరు చిన్న గిన్నెలు వరసగా పెట్టి గుడ్డు ముక్కలు పంచింది. పంచి నా వంక చూసింది.

"ఇది కుక్కకా బాబాయ్ గారూ, చిలక్కా?"

"కుక్కకే. ఈ నాలుగు రోజులు చిలకనుకో."

ఆ చిన్న ముక్కని చుక్క నమలకుండా మింగి, గిన్నెని నాకుతూ వరండా అంతా నెట్టుకెళ్ళింది. గిన్నె గోడకి కొట్టుకుని ఆగితే మన వంక చూసేది. ఆ చూపుకి తట్టుకోవడమే అసలు వైద్యం. మందు వేయడం ఎవరికైనా వస్తుంది. చూస్తూ పెట్టకుండా ఉండటం ఎవడి వల్లా కాదు. నా వల్ల కూడా కాలేదు. రెండుసార్లు లేచి వీధిలోకి వెళ్ళిపోయాను.

శనివారం అన్నదానం

మూడో రోజు శనివారం. పది గంటలకి నాగరత్నం ఫోన్ చేసింది. చుక్క లేవడం లేదు, కాళ్ళు వణుకుతున్నాయి, ఊపిరి ఎగబోస్తోంది. నేను వెళ్ళేసరికి మెడ కూడా ఎత్తలేకపోతోంది. మూతి తుడుస్తుంటే నా వేళ్ళకి నెయ్యి అంటుకుంది. యాలకుల వాసన.

"ఎవరు పెట్టారు?"

కోటయ్య చీరల బేలు సర్దడం మొదలుపెట్టాడు.

"చక్కెర పొంగలి ఎవరు పెట్టారని అడుగుతున్నాను!"

కోటయ్య ముందు బయటపడ్డాడు. "నేను పొంగలి పెట్టలేదండి. టీలో ముంచి ఒక బిస్కట్ పెట్టానంతే. నిన్న ఒకటి, మొన్న ఒకటి." నాగరత్నం తల దించుకుని, తాను చేతికంటిన పెరుగు నాకించిన మాట నిజమే అంది. ప్రతివాళ్ళూ తామొక్కరే దొంగతనంగా పెడుతున్నామనుకున్నారు. తన ఒక్క ముద్దకి ఏమవుతుందిలే అనుకున్నారు. కానీ అసలు దెబ్బ కొట్టింది వాళ్ళు కాదు. శనివారం శనివారం గుడి దగ్గర వందమందికి అన్నదానం చేయించే వీరభద్రరావు గారు, ఆ పొద్దున ముందుగా కుక్కకి పెట్టి మొదలుపెడితే దోషం పోతుందని ఎవరో చెబితే, వెనక దారిన వచ్చి విస్తరాకు నిండా వేడి పొంగలి, పులిహోర పెట్టి, దండం పెట్టుకుని వెళ్ళాడు.

చుక్కని ఆటోలో లావణ్య క్లినిక్‌కి తీసుకెళ్ళాం. రక్తంలో లవణాలు పాతాళానికి పోయాయి. సెలైన్ పెట్టి, దానిలోకి కొద్దికొద్దిగా మందులు ఎక్కించింది. రెండు రోజులు అది బతుకుతుందో లేదో ఎవరమూ చెప్పలేకపోయాం. అరగంటకోసారి లావణ్య స్టెతస్కోప్ పెట్టి విని, చీటీ మీద అంకె రాసుకునేది. నేను దాని పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఉద్యోగంలో ఉండగా కూడా అంత సేపు ఒక్క పశువు దగ్గర కూర్చోలేదు.

ఆ శనివారం మధ్యాహ్నమే ఒక గంట లేచి గుడి దగ్గరికి వెళ్ళాను. వీరభద్రరావు గారు పంచె ఎగ్గట్టుకుని బంతిలో సాంబారు వడ్డిస్తున్నారు.

"రండి రండి సాంబశివరావు గారూ, కూర్చోండి, భోంచేద్దురుగాని."

"మీ కుక్క చావబోతోందండి."

"అయ్యో! పొద్దున్నే నా చేత్తో పెట్టొచ్చానే. ఎంత ఆబగా తిందనుకున్నారు! చూసి నాకే కళ్ళనీళ్ళొచ్చినై."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నెల రోజులు రానివి ఈ రోజు వచ్చాయా ఆ నీళ్ళు? మీకు పుణ్యం కావాలి, దానికి తిండి కావాలి. రెండూ ఒకటి కాదండి. నెల రోజులు పొట్ట మాడ్చారు, ఒక్క పూటలో పొట్ట పగలగొట్టారు. ఆ కుక్క మీకేం అపకారం చేసిందండీ?"

సాంబారు గరిటె గాల్లో ఆగిపోయింది. బంతిలో కూర్చున్నవాళ్ళు తినడం ఆపి మా వంక చూశారు. "అన్నం పెట్టినవాణ్ణి పట్టుకుని..." అని ఆయన ఎవరితోనో అంటుంటే నేను వచ్చేశాను. అందరి ముందు అరిచినందుకు నాకు పశ్చాత్తాపం ఉందేమో అనుకునేరు. లేదు.

వద్దంటే సరిపోదు

క్లినిక్‌లో మూడో రోజు చుక్క తనంతట తాను లేచి సెలైన్ గొట్టం పీక్కుంది. లావణ్య నవ్వింది. నేను నవ్వలేదు, వరండాకి తీసుకెళ్ళాక మళ్ళీ ఇదే జరుగుతుందని నా భయం.

అప్పుడు నా తప్పు నాకు కనిపించింది. మొదటి రోజు నేను అన్నీ వద్దన్నాను. ఎందుకు వద్దో నా గొడవలో నేను చెప్పేసి, వాళ్ళకి అర్థమైందో లేదో చూడలేదు. పైగా పెట్టాలని తహతహలాడే చేతులకి పని లేకుండా చేశాను. మన వాళ్ళని పెట్టకండి అంటే ఆగరు, దాచి పెడతారు. ఇది తెలియడానికి ముప్పై అయిదేళ్ళ సర్వీసు ఉండీ నాకు ఒక కుక్క ప్రాణం మీదికి వచ్చేదాకా పట్టింది.

దాంతో ఆరు గిన్నెలనీ అయిదుగురికి పంచేశాను. ఆరింటి గిన్నె నాగరత్నానిది. తొమ్మిదింటిది కోటయ్యది. మిగతావి సందులో వాళ్ళవే. టీ కొట్టు అతనికి ఒకటి, బేళ్ళు మోసే ఇద్దరికీ రెండు, రాత్రి పదింటిది మళ్ళీ నాగరత్నానికే. ఎవరి గిన్నె వాళ్ళే పెట్టాలి, లావణ్య కొలిచిచ్చినంతే పెట్టాలి, పక్కవాడి మీద ఒక కన్నేసి ఉంచాలి. మొదటి రోజే కోటయ్య టీ కొట్టతనితో కొట్లాటకి దిగాడు.

"నా గుడ్డు ముక్క కంటే నీ ముక్క పెద్దగా ఉందేందిరా?"

"కళ్ళజోడు మార్చుకో కోటయ్యా. మేడమ్ కొలిచింది ఇదే."

దొంగచాటు ముద్ద ఆ రోజుతో ఆగిపోయింది. అన్నం పెట్టే ఆచారాన్ని తిట్టి మాన్పించలేం. దానికి కొలత నేర్పాలి. నా సర్వీసు మొత్తంలో నేను చేసిన తెలివైన పని ఇదొక్కటే, అదీ రిటైరయ్యాక.

ఆ తర్వాత నెమ్మదిగా అయింది. వారానికోసారి అదే కాటా మీద తూచేవాళ్ళం. మొదటి వారం నాలుగు వందల గ్రాములు పెరిగింది. నాగరత్నం పెదవి విరిచింది. నాకు చాలనిపించింది. తర్వాత వారానికి కిలో చొప్పున ఎక్కింది. రెండో వారం నుంచి కోడిమాంసంలో కొంచెం కొంచెం అన్నం కలిపాం. గుమ్మడికాయ ఉడికించి వేశాం. ఎముకలు ఒక్కటి కూడా వేయనివ్వలేదు. మూడో వారం పాముల మందు వేశాం. మెడ పుండు మానింది. అయినా ఆకలి మాత్రం దాని బుర్రలోంచి పోలేదు. గిన్నె దగ్గరికి ఎవరు వచ్చినా పళ్ళు చూపించేది. వీధిలో దొరికిన బన్ను ముక్కల్ని పట్టుచీరల బేలు వెనకాల దాచేది. నాగరత్నం ఆ బేలు విప్పినప్పుడు చీమలు వరస కట్టి వచ్చాయి. ఆవిడ చుక్కని ఏమీ అనలేదు, నన్ను అంది: "బాబాయ్ గారూ, ఈ చీమల చీర మీ డిగ్రీకి బహుమతిగా పెట్టమంటారా?" అప్పటికి ఆమెకి చెప్పానులెండి.

ఇంకో రకం వాళ్ళ మీద కూడా నా కోపం చెప్పాలి. చుక్క కథ తెలిసి ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని వచ్చారు. బిర్యానీ పొట్లం విప్పుతూ వీడియో తీసుకుంటారట. నేను ఆ పొట్లం తీసుకుని, ముందు ఆ వరండా కడగండి, వీడియో తీస్తాను అన్నాను. వెళ్ళిపోయారు. కుక్కని రక్షించడమంటే ఒక్కరోజు పని అనుకుంటారు అందరూ. రక్షించాక రెండు నెలలు కొలిచి పెట్టడం ఉంటుంది. దాన్ని ఎవరూ వీడియో తీయరు.

సంతకం

ఆరో వారం చుక్క పద్నాలుగు కిలోల మీద ఉంది. ఎముకలు సర్దుకున్నాయి, బొచ్చు మెరుపెక్కింది, గొంతు వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం వీరభద్రరావు గారు ఇద్దరు మనుషులతో వచ్చారు.

"కుక్క బాగా తేరుకుందండీ. మంచి పని చేశారు. కొత్త గోడౌన్‌లో ఎలకలు, దొంగలు. తీసుకెళ్తాను."

నాగరత్నం గల్లాపెట్టె తాళాలు తిప్పుతూ నిలబడింది. ఆయన వాళ్ళ వీధి పెద్ద, రేపు ఏదైనా అవసరం వస్తే ఆయన దగ్గరికే వెళ్ళాలి. చుక్క ఆయన గొంతు వినగానే బేళ్ళ వెనక్కి దూరి నేలకి అంటుకుపోయింది. అక్కడే మూత్రం పోసేసింది.

నేను అరవలేదు. అరిస్తే ఆయన గెలుస్తాడు. కోటయ్య దగ్గర కాగితం, పెన్ను అడిగి తీసుకుని రాశాను: "ఈ కుక్కని నేను కట్టేసి, తాళం వేసి, నెల రోజులు మర్చిపోయాను. ఇప్పుడు మళ్ళీ కాపలాకి తీసుకెళుతున్నాను." కింద తారీకు వేసి ఆయనకి ఇచ్చాను.

"సంతకం పెట్టి తీసుకెళ్ళండి. మీ కుక్కే కదా."

ఆయన చదివారు. మళ్ళీ చదివారు. వెనకున్న మనుషుల్లో ఒకడు తొంగి చూసి చదవబోతే కాగితం మడిచేశారు.

"ఇట్టాంటి రాతలేంటండీ, పెద్దమనుషుల మధ్య?"

"తప్పేమన్నా రాశానా? రాస్తే కొట్టేయండి, దిద్దుదాం."

"మర్చిపోవడం వేరు, కావాలని..."

"కావాలని అని ఎక్కడా రాయలేదండి. చూడండి మళ్ళీ."

టీ కొట్టతను గ్లాసు కడగడం ఆపేశాడు. బేళ్ళు మోసే ఇద్దరూ బేలు దించకుండానే నిలబడ్డారు. వాళ్ళకీ ఒక్కో గిన్నె ఉంది మరి. ఆయన ఆ కాగితాన్ని కోటయ్య బల్ల మీద పెట్టి, "వీధి కుక్క. ఎవరి దగ్గరుంటే ఏంటిలెండి" అని వెళ్ళిపోయారు. తర్వాత రెండు శనివారాలు అన్నదానానికి నాగరత్నానికి కబురు రాలేదు. ఆమె అదేమీ పట్టించుకోలేదు.

చుక్క మాత్రం మూడు రోజులు బేళ్ళ వెనకే ఉంది. ఆ వారం అర కిలో తగ్గింది. నేను మళ్ళీ రోజూ వెళ్ళడం మొదలుపెట్టాను. పెట్టినది క్షణంలో మింగేసి మళ్ళీ దాక్కునేది. తగ్గిన అర కిలో తిరిగి రావడానికి పది రోజులు పట్టింది.

తొమ్మిదో వారం ఒక మధ్యాహ్నం నాగరత్నం ఫోన్ చేసింది. గొంతులో కంగారు.

"బాబాయ్ గారూ, చుక్క తినట్లేదండి. గిన్నెలో సగం వదిలేసింది. ఎప్పుడూ ఇట్టా చేయలేదు. తొందరగా రండి."

ఆటో పట్టుకుని వెళ్ళాను. దారిలో లావణ్యకి కూడా చెప్పాను. వరండాలో చుక్క ఫ్యాను కింద నాలుగు కాళ్ళూ చాచి వెల్లకిలా పడుకుంది. చిగుళ్ళు చూశాను, గులాబీ రంగులో ఉన్నాయి. గుండె మీద చెయ్యి పెట్టాను, నెమ్మదిగా కొట్టుకుంటోంది. జ్వరం లేదు. పొట్ట మెత్తగా, నిండుగా ఉంది.

గిన్నె రెండు అడుగుల దూరంలో ఉంది. అందులో నిజంగానే సగం కోడిమాంసం, అన్నం మిగిలి ఉన్నాయి. నాగరత్నం దాన్ని తీయబోతే ఉంచమన్నాను. ఏమైందో చెప్పండి బాబాయ్ గారూ అని ఆమె అడుగుతుండగానే ఒక కాకి గోడ మీద నుంచి దిగి, అటూ ఇటూ చూసి, గిన్నె అంచు మీద వాలి ఒక మెతుకు తీసుకుంది. ఇంకో మెతుకు తీసుకుంది.

చుక్క ఒక కన్ను తెరిచి కాకిని చూసింది. మళ్ళీ మూసుకుంది.